నీళ్లు మానేసిన పేషెంట్: పక్షవాతం వార్డులో మర్యాద, నాణ్యత మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసు కోస్తా ఆంధ్రలోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో, నేను ఫిమేల్ మెడికల్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌గా ఉన్న కాలంలో జరిగింది. పేషెంట్‌ను ఎవరూ గుర్తుపట్టకుండా కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, ఊరి పేరు వదిలేశాను.

మా వృత్తిలో పేషెంట్ మర్యాద గురించి ఎప్పుడు మాట్లాడినా ఆ మాట పలకరింపు దగ్గర, చిరునవ్వు దగ్గర ఆగిపోతుంది. ఈ పేషెంట్‌ను ఎదురుగా ‘అమ్మా’ అని పిలవని వాళ్లు మా వార్డులో లేరు. అయినా ఆమె సిగ్గుతో నీళ్లు తాగడం మానేసింది. నీళ్లు మానేయడంతో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది, జ్వరం వచ్చింది, నడుము కింద పుండు ముదిరింది. ఒక్క పూట ఆలస్యమై ఉంటే ఆ సిగ్గుకు వైద్యంగా ముక్కులోంచి గొట్టం కూడా పడేది. మర్యాదకు భంగం కలిగితే అది జ్వరం, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్టులోనూ, ల్యాబ్ రిపోర్టులోనూ, చర్మం మీదా ఎలా కనబడుతుందో చెప్పడానికే దీన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

కేసు వివరాలు

ఆమెకు అరవై దాటాయి. చేనేత కుటుంబం. పెళ్లైన నాటి నుంచి మగ్గం మీద కూర్చున్న మనిషి. భర్త లేడు, కూతుళ్లు లేరు. ఒక్కడే కొడుకు, హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం. కోడలు నెలలు నిండి పుట్టింట్లో ఉంది. తెల్లవారుజామున లేవబోతే ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయి ఉన్నాయని పొరుగువాళ్లు చూసి 108 పిలిపించారు. నిద్రలో ఎప్పుడు మొదలైందో తెలియని స్ట్రోక్ కాబట్టి, రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు ఉండే నాలుగున్నర గంటల గడువు లోపల ఉందని చెప్పే ఆధారం లేక ఆ ఇంజక్షన్ ఇవ్వలేదు. సీటీ స్కాన్‌లో మెదడు కుడివైపు ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక దెబ్బతిన్న భాగం) కనిపించింది. షుగర్, బీపీ పాతవే. మాట కొంచెం ముద్దగా వచ్చేది కానీ అర్థమయ్యేది. స్పృహ, జ్ఞాపకం, మూత్రం వస్తోందన్న తెలివి అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఈ చివరి విషయం కేస్ షీట్‌లో ఒక్క ముక్కగా ఉంది. దాని బరువు తర్వాత తెలిసింది.

క్యాజువాలిటీలోనే ఫోలీ క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేశారు. వార్డుకు వచ్చిన మూడో రోజు తీసేశారు. అది సరైన పనే. క్యాథెటర్ ఉన్న ప్రతి రోజూ మూత్రంలో క్రిములు చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుందని ఇన్ఫెక్షన్ కంట్రోల్ పాఠాల్లో అందరం చదువుకున్నాం, అందుకే అవసరం తీరగానే తీసేయాలని రోజూ గుర్తు చేసుకుంటాం. అయితే గొట్టం తీసిన తర్వాత ఆమె మూత్రానికి ఎలా వెళ్లాలన్నది ఆ ఆర్డర్‌లో లేదు. ఆ ప్రశ్నకు జవాబు వార్డులో దానంతటదే తయారైంది: కొడుకును బయటి మందుల షాపుకు పంపి డైపర్లు తెప్పించారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. డైపర్ మూత్రం ఆపుకోలేని వాళ్ల కోసం. ఈమె ఆపుకోగలదు, చెప్పగలదు, అడగగలదు. అడిగినప్పుడు బెడ్ పాన్ పెట్టే మనిషి లేక, “డైపర్ ఉందిగా అమ్మా, అందులోనే పోసెయ్” అన్నారు. మన వార్డుల్లో రోజూ వినబడే మాట ఇది. చెప్పేవాళ్లకు కోపమూ ఉండదు, చిన్నచూపూ ఉండదు, ఓదార్పుగానే చెబుతారు. వినేవాళ్లకు మాత్రం, నువ్విక చంటిపిల్లతో సమానం అని ముద్ర వేసినట్టు ఉంటుంది. అన్నీ తెలిసిన మనిషిని మంచం మీదే, బట్టల్లోనే పోయమనడం ఎంత పెద్ద మాటో తెలియాలంటే ఆ స్థానంలో మనల్ని ఊహించుకోవడమే దారి.

డైపర్లు సొంత ఖర్చు. కొడుకు పొదుపుగా వాడాడు, ఒక్కోటి అర పూట పైనే ఉంచేవాడు. మార్చే పని కూడా అతనిదే. తల్లి ఒళ్లు చూడాల్సి వచ్చినందుకు అతను మొహం పక్కకు తిప్పుకొని మార్చేవాడు, ఆమె కళ్లు మూసుకునేది. మొహం తిప్పుకొని తుడిస్తే సరిగా తుడవడం కుదరదు. తొడల మడతల్లో, పిరుదుల మధ్య తడి అలాగే ఉండిపోయింది. ఇద్దరూ ఒకరి మర్యాద ఒకరు కాపాడుకునే ప్రయత్నంలోనే ఆమె చర్మం నానిపోయింది.

చేరిన ఆరో రోజు సాయంత్రానికి జ్వరం 101 దాటింది. నాలుక ఎండిపోయింది. రక్తంలో సోడియం 148కి పెరిగింది, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ కూడా కొంచెం పెరిగింది. మూత్రం ముదురు పసుపు, ఘాటైన వాసన. నడుము కింది ఎముక మీద సుమారు 3 సెంటీమీటర్ల పొడవున పైచర్మం లేచిపోయిన పుండు, అంటే రెండో దశ బెడ్‌సోర్. దాని చుట్టూ, తొడల లోపలి వైపు, ఎముకతో సంబంధం లేకుండా పరుచుకున్న ఎరుపు, మంట. అది తడి వల్ల వచ్చిన చర్మవ్యాధి. ఈ రెండింటినీ కలిపి ‘బెడ్‌సోర్’ అని ఒకే మాటలో రాసేయడం మా రిజిస్టర్లలో మామూలు. కానీ ఒకటి ఒత్తిడి తీసేస్తే మానుతుంది, మరొకటి తడి తీసేస్తే మానుతుంది. విడిగా రాయకపోతే విడిగా చూడలేం.

బెడ్‌సోర్ ప్రమాదాన్ని కొలిచే బ్రేడెన్ స్కేల్ మీద లెక్క కట్టాను. స్పర్శ 3, తడి 2, కదలిక స్థాయి 1, మంచంలో కదలగలగడం 2, ఆహారం 2, ఒరిపిడి 1. మొత్తం 11. ఈ స్కేల్‌లో 6 నుంచి 23 వరకు మార్కులు ఉంటాయి. 18, అంతకు తక్కువ ఉంటే ప్రమాదం ఉన్నట్టు, 10 నుంచి 12 మధ్య అయితే ఎక్కువ ప్రమాదం.

సీసాలో నీటి మట్టం

ఆ రోజు రౌండ్స్‌లో పీజీ డాక్టర్ కేస్ షీట్‌లో రాసిన ఆర్డర్: ఓరల్ ఇన్‌టేక్ సరిగా లేదు, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) వేసి ఫీడ్స్ మొదలుపెట్టండి. కుడి మెదడు స్ట్రోక్, ముద్ద మాట, తాగడం లేదు. మింగలేకపోతోందేమో అనుకోవడంలో తప్పు పట్టడానికి లేదు. అయితే చేరిన రోజే ఆమెకు నీళ్లు మింగించి చూశాం. దగ్గు రాలేదు, గొంతు గురగురలాడలేదు. మెత్తగా కలిపిన అన్నం నాలుగు ముద్దలు తింటోంది. నీళ్లే తాగడం లేదు.

ఈ తేడాను పట్టుకున్నది మా దగ్గర పోస్టింగ్‌లో ఉన్న జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం విద్యార్థిని. ఇన్‌టేక్–అవుట్‌పుట్ చార్టులో ఇన్‌టేక్ గడిలో ‘నోటితో తీసుకుంటున్నారు’ అనీ, అవుట్‌పుట్ గడిలో ‘డైపర్’ అనీ రాసి ఉంది. రెండు చోట్లా మిల్లీలీటర్లు లేవు. ఆ అమ్మాయి చార్టు వదిలేసి లాకర్ మీది సీసాను చూసింది. పొద్దున కొడుకు నింపిపెట్టిన లీటరు సీసాలో సాయంత్రానికి మూతి దగ్గర రెండు వేళ్లు మాత్రమే తగ్గింది, అదీ మాత్రలు వేసుకోవడానికి. మరుసటి రోజూ అంతే. “సిస్టర్, పెద్దమ్మ మాత్రలతోనే తాగుతోంది, మిగతా అప్పుడు దాహం లేదంటోంది” అని నా దగ్గరకు వచ్చి చెప్పింది.

నేను అడిగితే ఆమె “ఏం లేదమ్మా, దాహం వేయట్లేదు” అంది. డాక్టర్ అడిగినా అదే మాట. అసలు సంగతి మా ఎఫ్‌ఎన్‌ఓ (ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ, అంటే ఆయమ్మ) ద్వారా తెలిసింది. ఆమెదీ దాదాపు అదే వయసు. తల దువ్వుతూ, ఊరి కబుర్లు మాట్లాడుతూ మధ్యలో అడిగింది. అప్పుడు పేషెంట్ చెప్పిందట: “మగపిల్లాడు వదినా. వాడి చేత ఆ పని చేయించుకోనా? తాగకపోతే రాదుగా.”

ఈ సమాధానం కోసం వార్డులో ఏ ఫారమ్‌లోనూ గడి లేదు. కెనడాలోని మానిటోబాలో మానసిక వైద్యుడు హార్వే చోచినోవ్ బృందం, జబ్బు మనిషిని ‘మీ గురించి మాకు ఏం తెలిస్తే మిమ్మల్ని బాగా చూసుకోగలం’ అని నేరుగా ఒక్క ప్రశ్న అడగమంటుంది. మంచి ప్రశ్నే, నేనూ వాడి చూశాను. మన పెద్దవాళ్లు దానికి “నాదేముందమ్మా, అన్నీ మీకే తెలుసు” అని దణ్ణం పెట్టి ఊరుకుంటారు. ఇక్కడ ఇలాంటి సంగతులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కాకుండా, చేతులు ఏదో పని చేస్తున్నప్పుడు బయటికొస్తాయి. అందుకే తల దువ్వడం, గోళ్లు తీయడం వంటివి తీరిక ఉంటే చేసే పనులుగా చూడటం నాకు ఇష్టం ఉండదు. అవి హిస్టరీ తీసుకునే సమయాలు కూడా.

యూనిట్ చీఫ్‌కు విషయం చెప్పి, “సార్, ఒక్క రోజు గడువు ఇవ్వండి. సెలైన్ నడుస్తోంది కదా, ట్యూబ్ ఆపి చూద్దాం” అని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు. మూత్రం కల్చర్‌కు పంపి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. గుండె వైపు ఇబ్బంది లేదు కాబట్టి రోజుకు నోటితో లీటరున్నర లక్ష్యంగా రాశారు. ఎలా తాగిస్తామన్నది మా పని.

బెడ్ పాన్, గ్లవ్, మగ్గు

ఆమెకు ఇచ్చిన హామీ ఒక్కటే: మూత్రానికి గానీ, విరేచనానికి గానీ కొడుకు రాడు, ఆడమనిషే వస్తుంది. ఈ ఒక్క హామీ నిలబెట్టడానికి వార్డు పని సగం మార్చాల్సి వచ్చింది.

భారతీయ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలి. ప్రభుత్వ వార్డులో పనిచేసిన ఎవరికీ ఈ లెక్క చదివి నవ్వు రాకుండా ఉండదు. కొత్త పని కోసం కొత్త మనిషి రాదని తెలుసు కాబట్టి, ఉన్న రౌండ్లలోకే దాన్ని దూర్చాం. రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పే పని ఎలాగూ ఉంది. తిప్పడానికి వెళ్లినప్పుడే బెడ్ పాన్ కావాలా అని అడగడం, పాన్ తీశాక చర్మం చూడటం, వచ్చేముందు అర గ్లాసు నీళ్లు తాగించడం, ఈ నాలుగింటినీ ఒకే రౌండ్‌గా చేశాం. అడగమని ఆమెకు వదిలేయకుండా మేమే వేళకు వెళ్లి అడగడంలో తేడా ఉంది. “సిస్టర్‌ని పిలవనా వద్దా” అన్న మొహమాటం ఆమెకు లేకుండా పోయింది. పొద్దున లేవగానే, కాఫీ తర్వాత, భోజనాల తర్వాత, పడుకునే ముందు తప్పనిసరి. డైపర్ పగలు పూర్తిగా తీసేశాం.

తెర సంగతి చెప్పాలి. వార్డుకు రెండు స్క్రీన్లు ఉన్నట్టు స్టాక్ రిజిస్టర్‌లో ఉంది. ఒకటి చక్రాలు ఊడి స్టోరులో, రెండోది డ్యూటీ రూములో మేం చీరలు మార్చుకునే మూలకు అడ్డంగా. కొత్తవాటికి ఇండెంట్ పెట్టి ఎదురుచూసే బదులు, పాతదాన్ని ఆసుపత్రి వర్క్‌షాప్‌లో బాగు చేయించి, డ్యూటీ రూములోది బయటికి తెచ్చాం. మొదటి రోజు ఒక సిస్టర్ కొంచెం సణిగింది. గోడవైపు మంచం అయితే ఒక్క స్క్రీన్‌తో సరిపోతుందని ఆమెను మూల మంచానికి మార్చాం.

ఎడమ వైపు పడిపోయిన మనిషికి బెడ్ పాన్ పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి పట్టి లాగకూడదు. భుజం కీలు జారుతుంది. కుడి మోకాలు మడిచి, ఆ పాదంతో మంచాన్ని తన్ని నడుము లేపమంటే ఆమె లేపగలిగింది. అంతవరకు ఇద్దరు మోసి ఎత్తేవాళ్లు, ఆ ఒరిపిడికే పుండు రేగేది. స్టీలు పాన్‌ను గోరువెచ్చని నీళ్లతో కడిగి తుడిచి పెడితే ఒళ్లు ఉలిక్కిపడదు. వీపు కింద రెండు దిండ్లు పెట్టి కొంచెం కూర్చున్నట్టు చేస్తే మూత్రం తొందరగా వస్తుంది. వెల్లకిలా పడుకుని మూత్రం పోయడం ఆరోగ్యవంతులకే కష్టం. ఇవన్నీ ఫస్ట్ ఇయర్‌లోనే నేర్పే సంగతులు. రిజిస్టర్లు రాయడంలో పడి చేతులు మరిచిపోయాయి.

ఒక సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. మనవాళ్లు కడుక్కునేది ఎడమ చేత్తో. ఈమెకు పడిపోయింది ఆ చెయ్యే. మిగిలిన కుడి చెయ్యి అన్నం తినే చెయ్యి. దాంతో కడుక్కోవడం అన్న ఊహకే ఆమె ముడుచుకుపోయింది. తడి టిష్యూలతో తుడిస్తే శుభ్రమైనట్టు ఆమెకు అనిపించదు. ఇంకొకరు కడిగితే చచ్చిపోయినంత సిగ్గు. పరిష్కారం చిన్నదే. కుడి చేతికి గ్లవ్ తొడిగి, ఎఫ్‌ఎన్‌ఓ మగ్గుతో గోరువెచ్చని నీళ్లు పోస్తుంటే ఆమే కడుక్కుంది. తర్వాత గ్లవ్ తీసేసి, సబ్బుతో చెయ్యి కడిగించాం. రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీము పలచగా రాశాం. ఎడమ వైపు పక్షవాతం వచ్చిన ప్రతి పేషెంట్‌కూ ఈ ఇబ్బంది ఉండి తీరాలి. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్కరూ పైకి చెప్పలేదు.

అప్పటి నుంచి ఆమె నీళ్లు అడిగి మరీ తాగింది. మూడో రోజుకు లీటరు దాటింది. మూత్రం రంగు తేలింది. అవుట్‌పుట్ గడిలో మిల్లీలీటర్లు వచ్చాయి, ఎందుకంటే ఇప్పుడు పాన్‌లో పడ్డది కొలవొచ్చు. సోడియం మామూలుకు వచ్చింది. కల్చర్‌లో ఈ.కోలై అనే క్రిమి వచ్చింది, యాంటీబయాటిక్‌కు లొంగింది. జ్వరం తగ్గడంలో మందు పాత్ర ఎంత, నీళ్ల పాత్ర ఎంత అని ఒక్క కేసులో విడదీయలేం, విడదీయడానికి ప్రయత్నించను. ట్యూబ్ మాత్రం వేయాల్సిన అవసరం రాలేదు.

పుండు, పాత అలవాట్లు

పుండు విషయంలో కొత్తగా చేసినవాటి కంటే మానేసినవే ఎక్కువ. వీపుకు స్పిరిట్ రాసి, పౌడర్ చల్లి, ఎముకల మీద గట్టిగా మర్దన చేయడం మా తరం నర్సులకు ‘బ్యాక్ కేర్’గా నేర్పారు. స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుంది, తడిలో పౌడర్ ముద్దకట్టి ఒరుస్తుంది, అప్పటికే కందిన చోట మర్దన చేస్తే లోపలి కణజాలం చితుకుతుంది. రబ్బరు గ్లవ్‌లో నీళ్లు నింపి మడమ కింద పెట్టడం, గుండ్రటి రింగు మీద కూర్చోబెట్టడం కూడా ఆపాం. రింగు అంచు చుట్టూ రక్తప్రసారం ఆగి, మధ్యలోని చర్మానికి ఇంకా నష్టం చేస్తుంది. మడమల కోసం పిక్కల కింద పొడవుగా దిండు పెట్టి, మడమలు గాలిలో ఉండేలా చూశాం. పూర్తిగా పక్కకు తిప్పి తుంటి ఎముక మీద పడుకోబెట్టకుండా, వీపు వెనక దిండుతో 30 డిగ్రీలు వాల్చాం. పుండును సెలైన్‌తో కడిగి, సరఫరాలో ఉన్న పారాఫిన్ పూసిన గాజుగుడ్డ వేశాం. ఫోమ్ డ్రెస్సింగ్ మా స్టోరులో లేదు. దాని కోసం కొడుకు చేత ఖర్చు పెట్టించాలనిపించలేదు.

మొదటి దశ పుండును ‘నొక్కితే తెల్లబడని ఎరుపు’తో గుర్తించమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. చామనఛాయ, నలుపు చర్మం మీద ఆ ఎరుపు కనబడదు. వేలి వెనక భాగంతో తాకి పక్క చర్మం కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా, నొప్పి అంటోందా అని చూడాలి. మన పేషెంట్లలో ఎక్కువమందికి మొదటి దశ దాటి రెండో దశలోనే ‘కొత్త బెడ్‌సోర్’ అని రిజిస్టర్‌కు ఎక్కడానికి ఇదొక కారణం. ఇంతకు ముందు చెప్పిన రెండు గంటల రౌండ్‌లో చర్మం చూడటం అంటే వెలుగు పెట్టి, తాకి చూడటం అని విద్యార్థినులకు పక్కనుండి చూపించాను.

రౌండ్స్‌లో ఒక ఇబ్బంది వచ్చింది. బోధనాసుపత్రి కాబట్టి చీఫ్ వెనక పీజీలు, హౌస్ సర్జన్లు, విద్యార్థులు ఉంటారు. పుండు చూడాలంటే అంతమంది ముందు ఆమెను పక్కకు తిప్పి చీర తొలగించాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన పేషెంట్ల హక్కుల పత్రంలో 17 హక్కులు ఉన్నాయి. మగ డాక్టర్ పరీక్షించేటప్పుడు స్త్రీ పేషెంట్ పక్కన మరో స్త్రీ ఉండాలన్నది గోప్యత, మర్యాదలకు సంబంధించిన హక్కులోనే ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో దీన్ని అమలు చేయమని రాష్ట్రాలకు పంపింది. ఆ పత్రం మా ఓపీ గోడ మీద చక్కగా ఫ్రేమ్ కట్టి ఉంది. మంచం పట్టిన వాళ్లు ఓపీ గోడ దగ్గరికి రాలేరన్నది వేరే సంగతి. నేను హక్కుల మాట ఎత్తకుండా పని వేళలు మార్చాను. డ్రెస్సింగ్‌ను రౌండ్స్ వేళకు సర్ది, చూడాల్సిన ఒకరిద్దరు తెర లోపలికి వచ్చి చూసేలా, మిగతావాళ్లకు పుండు కొలతలు నేను చెప్పేలా ఏర్పాటు చేశాను. ముందుగా ఆమెను “డాక్టర్ గారు పుండు చూస్తారు, తిప్పమంటారా?” అని అడిగేవాళ్లం. ఒక రోజు ఆమె “ఇప్పుడొద్దు, అన్నం తిన్నాక” అంది. చీఫ్ నవ్వి, తిరిగి వెళ్లేటప్పుడు చూశారు. చదువు ఏమీ ఆగలేదు.

షిఫ్టు మారేటప్పుడు మంచం దగ్గర ఇచ్చే హ్యాండోవర్‌లో ‘పదకొండో బెడ్డు, డైపర్, బెడ్‌సోర్’ అని గట్టిగా చెప్పడం ఆపాం. పక్క మంచాలవాళ్లందరూ వింటారు. పేరు, తిప్పే వేళ, తాగిన నీళ్లు మంచం దగ్గర చెప్పుకొని, మిగతాది డెస్క్ దగ్గర చెప్పుకున్నాం. బట్టల సంగతి కూడా ఇందులో భాగమే. ఆసుపత్రి గౌను వెనక ముడి, వీపంతా ఖాళీ. పాత నూలు చీర సగానికి చింపి నడుముకు చుట్టి, ముందు గుండీల జాకెట్టు తొడిగాం, పడిపోయిన చెయ్యి ముందు, బాగున్న చెయ్యి తర్వాత, విప్పేటప్పుడు తిరగేసి. మగ్గం మీద నేసిన మనిషికి నూలు చీర ఒంటి మీదికి రావడం ఎంత ఊరటో ఆమె ముఖంలో చూశాం.

నిలబడనివి

రాత్రి పూట ఈ పద్ధతి సగమే నడిచింది. నైట్ డ్యూటీలో వార్డంతటికీ ఒక సిస్టర్, ఎఫ్‌ఎన్‌ఓ రెండు వార్డులకు కలిపి ఒకరు. పది గంటలకు, తెల్లవారుజామున నాలుగింటికి పాన్ పెట్టడం ఖాయం చేశాం, మధ్యలో డైపర్ వాడక తప్పలేదు. పక్క మంచం పేషెంట్ కూతురు తానుగా సాయపడతానంది. ఆ పనిని ఆ అమ్మాయికి డ్యూటీగా అప్పగించడం నాకు ఇష్టం లేకపోయింది. ఒకరి బిడ్డ చేత ఇంకొకరికి వెట్టి చేయించినట్టవుతుంది. కానీ పేషెంటే ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచి అడగడం మొదలుపెట్టాక నేను అడ్డుపడలేదు.

మామూళ్ల సంగతి దాచి లాభం లేదు. పాన్ పెట్టినప్పుడల్లా ఆయమ్మ చేతిలో ఎంతో కొంత పెట్టడం చాలా ఆసుపత్రుల్లో అలవాటు, అలా ఇవ్వలేని వాళ్లకే డైపర్ గతి. మందలిస్తే తాత్కాలికంగా ఆగుతుంది. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద పనిచేసే వాళ్లకు జీతం నెలలు ఆలస్యమైతే ఏ మందలింపూ పనిచేయదు. పాన్ పనిని రౌండ్‌లో భాగం చేసి సిస్టర్ పక్కన ఉండటంతో ఈ కేసులో డబ్బు ప్రసక్తి రాలేదు. ఆ ఎఫ్‌ఎన్‌ఓకు తర్వాత వేరే వార్డుకు డ్యూటీ మారినప్పుడు మా వార్డులో పని మళ్లీ కుంటుపడింది. ఒక మంచి మనిషి మీద నిలబడ్డ ఏర్పాటుకు అంతే ఆయుష్షు.

ఇది మనకే ఉన్న లోటు అనుకోనక్కరలేదు. ఇంగ్లండ్‌లో మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి వైఫల్యాల మీద రాబర్ట్ ఫ్రాన్సిస్ జరిపిన విచారణల నివేదికలు 2010లో, 2013లో వచ్చాయి. అడిగినా టాయిలెట్‌కు తీసుకెళ్లేవాళ్లు లేక తడిసిన పక్కల్లో గంటలు గడిపిన పేషెంట్ల గురించీ, చేతికి అందని చోట నీళ్లు పెట్టడం గురించీ కుటుంబాలు అక్కడ సాక్ష్యం చెప్పాయి. డబ్బూ, చదువుకున్న సిబ్బందీ ఉన్న దేశంలోనూ వార్డు దెబ్బతింటే ముందు పోయేవి నీళ్లు, టాయిలెట్, శుభ్రమైన పక్క. వెనకబడిన పనుల జాబితాలో ఇంజక్షన్ ఎప్పుడూ చివర ఉంటుంది, ఎందుకంటే దానికి సంతకం ఉంది.

డిశ్చార్జి, ఆ తర్వాత వార్డులో

డిశ్చార్జి నాటికి పుండు పూర్తిగా మానలేదు. అంచుల నుంచి కొత్త చర్మం వచ్చి సగానికి పైగా మూసుకుంది. తొడల మంట పోయింది. బ్రేడెన్ 15కు చేరింది. ఫిజియోథెరపిస్ట్ కూర్చునే బ్యాలెన్స్ తెప్పించాక, కొడుకు ఊళ్లో ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించి తెచ్చాడు. కింద బకెట్ పెడితే ఇంట్లో కమోడ్ కుర్చీ అయింది. చేతులున్న కుర్చీ కాబట్టి కుడి చేత్తో పట్టుకుని నిలకడగా కూర్చోగలిగింది. ఇంటి దగ్గర ఆడమనిషి సాయం ఎవరని అడిగితే పక్కింటి మరదలి వరుస ఆమె పేరు చెప్పింది. ఆమెను వార్డుకు పిలిపించి తిప్పడం, పాన్ పెట్టడం, గ్లవ్ పద్ధతి చూపించాం. కొడుక్కి షుగర్ మాత్రలు, బీపీ చూపించుకునే వేళలు, ఫిజియోథెరపీ, నీళ్ల లెక్క అప్పగించాం. తల్లికి సేవ చేయాలని వచ్చిన మనిషికి చేయదగిన పని దొరికినందుకు అతను తేలికపడ్డాడని నాకనిపించింది.

వార్డులో దీని తర్వాత రెండు మార్పులు ఉండిపోయాయి. క్యాథెటర్ తీసిన సమయం రాసే చోటే, తర్వాత మూత్రానికి ఏర్పాటు ఏమిటి, సాయం ఎవరు చేస్తారు, వాళ్ల చేత చేయించుకోవడం పేషెంట్‌కు సమ్మతమేనా అన్న మూడు సంగతులు రాస్తున్నాం. రెండోది, నీళ్ల సీసాకు ప్లాస్టర్ ముక్కతో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గీతలు పెట్టడం. చదువు రాని అటెండెంట్‌కు కూడా ఎంత తగ్గిందో తెలుస్తుంది.

మెదడు ఎడమవైపు స్ట్రోక్ వచ్చి మాట పోయిన వాళ్ల విషయంలో ఇది చాలడం లేదు. వాళ్లకు పడిపోయేది కుడి చెయ్యి, తినే చెయ్యి. అవమానం వేరే దారిలో వస్తుంది, నోరు తెరిచి చెప్పే వీలు ఉండదు. నీళ్ల గ్లాసు, బెడ్ పాన్, ఆడమనిషి, మగమనిషి బొమ్మలున్న అట్టను మంచానికి వేలాడదీసి, వేలితో చూపించమని ప్రయత్నిస్తున్నాం. కొందరు చూపిస్తున్నారు. చూపించని వాళ్లలో ఎవరికి అర్థం కాలేదో, ఎవరు మొహమాటపడుతున్నారో ప్రస్తుతానికి సీసాలో గీతలను బట్టే అంచనా వేసుకుంటున్నాం. మేల్ వార్డులో భార్యలు, కోడళ్లు ఇదే పని చేస్తున్నారు. అక్కడి పేషెంట్లు ఎంత నీళ్లు తాగుతున్నారో చూడమని ఆ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ను అడిగాను.